మేక తిన్న ఓడ

మా రాచర్ల ఆటోస్టాండులో ఒక మాట పుట్టింది. కుదిరిన పెళ్ళి చెడినా, బోరు వేస్తే దుమ్ము తప్ప నీళ్ళు రాకపోయినా, ఎవడో ఒకడు బీడీ కింద పారేసి "మేక తిన్న ఓడ అయిపోయిందిలే" అంటాడు. మిగతావాళ్ళు నవ్వుతారు. ఆ మాట ఎక్కడ నుంచి వచ్చిందో సగం మందికి తెలియదు. తెలిసినవాళ్ళు ఇంకా గట్టిగా నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ ఓడను నేను కళ్ళారా చూశాను. ఆ మేకను మేపిన మనిషి మా వీధిలోనే ఉంటుంది. పేరు చెంచులక్ష్మి. మాది సేద్యం చేసే ఇల్లు, వాళ్ళది జీవాలు మేపే ఇల్లు, అయినా నేను ఆమెను అత్తా అనే పిలుస్తాను. మా దగ్గర వరస లేని మనిషంటూ ఉండడు.

నా పేరు సుమ. ఆశా కార్యకర్తను. ఇంటింటికీ తిరగడం నా పని కాబట్టి ఊరందరి జ్వరాలూ తెలుస్తాయి, జ్వరంతో పాటు ఇంట్లో ఉన్న మిగతా బాధలూ తెలుస్తాయి. మందుబిళ్ళలు మొదటిదానికే ఇస్తారు.

ఇక్కడి నుంచి సముద్రం చాలా దూరం. మా ఊళ్ళో చాలామంది దాన్ని టీవీలోనే చూశారు. మాకున్నది ఎర్రనేల, కంది చేలు, పడమట నల్లమల. మరి ఓడకూ మాకూ ఏం సంబంధమంటే, తుమ్మచెట్టు.

ఓడకు పక్కటెముకలుంటాయి. వాటికి వంపు తిరిగిన కర్ర కావాలి. నిటారు దుంగను తెచ్చి వంపుగా కోస్తే లోపలి నార తెగిపోతుంది, పెద్ద అల కొట్టినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది. వంగి పెరిగిన చెట్టే కావాలి, అదీ నీళ్ళు లేని చోట మెల్లగా, గట్టిగా పెరిగింది కావాలి. ఒంగోలుకు తూర్పున, ఒక ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, ఏలీయా అనే పెద్ద వడ్రంగి తెరచాప ఓడలు కట్టేవాడు. అన్నదమ్ములు, బావమరుదులు, వాళ్ళ పిల్లలు, అంతా కలిసి ఒకటే యార్డు, ఒకటే పొయ్యి. ఆ ఓడలు ఉప్పూ పెంకులూ ఎత్తుకుని సింహళానికీ, బర్మాలో రంగూనుకూ పోయేవట. ఆయన వంకర కర్ర వెతుక్కుంటూ పడమటికి వచ్చి వచ్చి మా రాచర్ల పొలాల్లో తేలాడు. అప్పుడు అక్కడ మేకలు కాస్తున్నది చెంచులక్ష్మి అత్త మామగారు.

"మేకలు తొక్కిన మొక్క వంగి పెరుగుతాది, చూడు పెద్దాయనా" అన్నాడట ఆయన.

ఏలీయా నవ్వి, "మేకలు ఊరికే తొక్కుతాయి. మనం లెక్కగా తొక్కిద్దాం" అన్నాడట.

అలా మొదలైంది. తుమ్మ మొక్క మనిషెత్తు రాగానే నడుముకు నారతాడు కట్టి, తాడుకు రాయి వేలాడదీస్తారు. ఏడాదికోసారి రాయి జరుపుతారు. వంపు నిలిచాక తాడు విప్పేసి చెట్టు మొదలుకు సున్నం పట్టీ వేస్తారు. పట్టీ పడిందంటే అది ఓడ చెట్టు. తండ్రి వంచింది కొడుకు కాస్తాడు, ఎప్పుడో ఒకనాడు లారీ వస్తుంది. కాగితం లేదు, సంతకం లేదు. ప్రతి ఏడూ కందికోత అయ్యాక యార్డు నుంచి ఎవరో ఒకరు ఉప్పుచేపల గంపతో వచ్చి, చెట్లను చేత్తో తడిమి, అత్తవాళ్ళింట్లో అన్నం తిని పోతారు. చెట్టు ఓడలోకి ఎక్కాక ఆ కర్ర లోపలి వైపు చెట్టు కాసినవాడి పేరు చెక్కుతారు. ఒప్పందమంతా అదే.

నియమం కూడా ఒక్కటే. ఓడ చెట్టుకు దోటి తగలకూడదు.

దోటి అంటే చివర కొడవలి కట్టిన పొడుగాటి వెదురు. ఎండాకాలం గడ్డి మాడిపోయాక మా వైపు మేకలు బతికేది తుమ్మకొమ్మల మీదే. దోటితో కొమ్మ నరికి పడేస్తే ముల్లు వదిలి ఆకంతా నమిలేస్తాయి. అయితే నరికిన చోట వాన నీరు దిగి చెట్టు లోపల కుళ్ళుతుంది. పైన బెరడు మూసుకుంటుంది, లోపల బోలు. కొన్నాళ్ళకు అందులో గోరింకలు గూడు పెడతాయి. ఇది మా ఊళ్ళో పలక పట్టని పిల్లకు కూడా తెలుసు. అందుకే ఆ నియమం.

చెంచులక్ష్మి అత్తది అర్ధవీడు. పెళ్ళై వచ్చేసరికి ఆమె మొగుడు యల్లయ్య మామ తండ్రి నుంచి మందనూ, సున్నం పట్టీల చెట్లనూ కాపుకు తీసుకున్నాడు. మామ మంచివాడే. చెట్ల దగ్గర మాత్రం మొండి. కన్నకూతుర్ని చూపించినట్టు ఒక్కో చెట్టునూ చూపించేవాడు. మాట ఇచ్చిన ఇల్లు మాది అని రోజుకోసారైనా అనేవాడు. ఆ మాట వినీ వినీ నాకే విసుగు పుట్టేది, కాపురం చేసే మనిషికి ఎట్లా ఉండేదో.

కొడుకు పుట్టిన ఏడాదే పెద్ద కరువు. వానలు మొహం చాటేశాయి. మగవాళ్ళంతా మందలు తోలుకుని నల్లమల ఎక్కారు. మామ కూడా పోయాడు. ఇంట్లో మిగిలింది చంటిపిల్లవాడు ధనుంజయ, పచ్చి బాలింత చెంచులక్ష్మి అత్త, పాలిచ్చే ఎర్రమేక ఒకటి. కొర్రగంజి తాగి ఆమెకు పాలు ఎక్కడ నుంచి వస్తాయి? ఎండిపోయాయి. పిల్లవాడు మేకపాల మీద పడ్డాడు. తర్వాత మేక కూడా ఎండడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల తుమ్మలన్నీ అప్పటికే మోడులు. పచ్చగా ఉన్నవి సున్నం పట్టీలున్నవే. పిల్లవాడి ఏడుపు రోజురోజుకీ సన్నబడుతోంది. పెద్ద ఏడుపు కంటే అది భయపెడుతుంది. నా పనిలో నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఒక మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేనప్పుడు, ఆమె దోటి తీసుకుని పొలానికి పోయింది. గట్టు మీద ఉన్న పెద్ద ఓడ చెట్టుకు, వంపు తిరిగిన చోట ఉన్న కొమ్మ ఒకటి లాగేసింది. ఒక్కటే. దాన్ని ముళ్ళతో సహా చీరలో చుట్టి ఇంటికి తెచ్చి మేకకు దాచి దాచి వేసింది. గాయానికి ఎర్రమన్ను తడిపి మెత్తింది. మేక చేపింది. పిల్లవాడు బతికాడు.

తొలకరి తర్వాత మామ కొండ దిగి వచ్చాడు. వచ్చీ రాగానే చెట్లను చూసుకోవడానికి పోయాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుని వాకిలి వైపే చూసిందట. ఆయన తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, పిల్లవాడిని ఎత్తుకుని అన్నం పెట్టమన్నాడు. ఇంకేమీ అనలేదు. చూడలేదులే అనుకుని ఆమె గుండె కుదుటపడింది. ఆ తర్వాత వానలకు మన్ను కరిగిపోయింది, బెరడు మూసుకుంది. ఆమె ఆ గట్టు వైపు పోవడమే మానేసింది. మామ మాత్రం వారం వారం కానుగనూనె గిన్నె పట్టుకుని పొలానికి పోయేవాడు. మేకల గిట్టలు పుళ్ళు పడ్డాయి అనేవాడు.

ఏళ్ళు గడిచాయి. ఇంజన్ల పడవలొచ్చి తెరచాపల సరుకును ఎప్పుడో ఎత్తుకుపోయాయి. ఏలీయా పోయాడు. ఆయన కొడుకు ఏసురత్నం, మనవడు కరుణాకరం యార్డును నెట్టుకొస్తున్నారు. చెక్కతో కట్టిన ఓడ మీద మహాసముద్రం దాటాలని ముచ్చటపడే డబ్బున్న మనుషులు దేశవిదేశాల్లో ఉంటారట. అలాంటి ఓడకు బేరం ఒకటి కుదిరితే కొన్నేళ్ళు అందరికీ అన్నం. కానీ ఫైబరు పడవలు వచ్చాక వాళ్ళూ తగ్గిపోయారు. ధనుంజయ ఇంటర్ తప్పాక ఆ యార్డుకే పనికి పోయాడు. ఓడ చెట్ల ఇంటి పిల్లవాడు కాబట్టి సొంత బిడ్డలాగే చూసుకున్నారు, అన్నం వాళ్ళ పళ్ళేల పక్కనే, పడక వాళ్ళ వరండాలోనే. వాడి చేతికి ఉలి బాగా కుదిరింది.

అప్పుడొచ్చింది లారీ. చివరిది కావచ్చని కరుణాకరం ముందే చెప్పాడు, ఈ ఓడ బాగా పోతే ఇంకోటి వస్తుంది, లేకపోతే యార్డు మూతే. గట్టు మీది పెద్ద చెట్టు కొట్టారు. చెట్టు పడినప్పుడు చెంచులక్ష్మి అత్త కూడా అక్కడే ఉంది, నేనూ ఉన్నాను. అందరూ వంపు చూసి మురిసిపోతుంటే ఆమె మాత్రం బెరడును వేళ్ళతో తడుముతోంది. కొమ్మ నరికిన ఆనవాలు కూడా లేదు. అంత సాఫుగా మూసుకుపోయింది. అదే ఆమెను భయపెట్టింది.

తర్వాత కొన్ని నెలలకు కొడుకు ఫోను చేశాడు. ఓడ తయారవుతోందట. మారిషస్ దాకా నడిపి అప్పగించాలట. దారిలో చెక్కపని చూసుకోవడానికి వాడినే తీసుకుపోతున్నారట. వాడి గొంతులో సంబరం ఫోను పగలగొట్టుకుని బయటికొచ్చేలా ఉంది. మామ ఆటోస్టాండు దాకా పోయి అందరికీ చెప్పుకుని వచ్చాడు. అత్త ఆ రోజు నుంచి అన్నం మానేసింది. రక్తం తగ్గిందేమోనని నేను చూడ్డానికి పోతే, తలుపు దగ్గరగా వేసి కరువునాటి సంగతంతా చెప్పింది.

"మామకు చెప్పు అత్తా" అన్నాను.

"అడిగినా పాపా. ఆ చెట్టు గట్టిదేనా అని అడిగినా. ఆయన నా మొగం దిక్కు చూడకుండా, ఆ చెట్టుకేమీ కాలేదు, ఇంక దాని ఊసెత్తొద్దు అన్నాడు. ఇంకేం చెప్పేది? ఓడ చెట్టుకు నీ పెండ్లామే దోటి వేసిందని ఎట్ల చెప్పేది? ఆయన బతికేదే ఆ మాట మీద."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని భయం. చించుకోకపోతే కొడుకు సముద్రంలో పడతాడని భయం. మూడు రోజులు అలా నలిగి, మామ మందతో అడివి అంచుకు పోయిన పొద్దున, "నాతో వస్తావా?" అంది. ఇద్దరం గిద్దలూరు పోయి ఒంగోలు బస్సెక్కాం. కంభం, మార్కాపురం, పొదిలి.  దారంతా ఆమె చేతిలో కొంగు మడతపెడుతూ విప్పుతూ ఉంది.

ఓడను చూసి నేను నోరెళ్ళబెట్టాను. తాటాకు షెడ్డు కింద, దుంగల మీద ఎక్కించి ఉంది. మా ఊరి స్కూలు కంటే ఎత్తు. లోపలికి తొంగి చూస్తే పక్కటెముకలన్నీ వరసగా, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. చంద్రశేఖరపురం వాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. ఓడ పొట్ట దగ్గర, అన్నిటికంటే పెద్ద వంపు మీద, "రాచర్ల యల్లయ్య" అని కొత్తగా చెక్కి ఉంది. చెక్కింది ధనుంజయే. తల్లిని చూసి పరిగెత్తుకొచ్చి ముందు అదే చూపించాడు. ఆమె ఆ అక్షరాల మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

ఏసురత్నం పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఆయన మనుషులు. కొనేవాళ్ళ తరఫున ఓడను పరీక్షించడానికి బొంబాయి నుంచి వచ్చిన ఇంజనీరు కూడా అక్కడే టీ తాగుతున్నాడు. పక్కకు పిలిచి చెబుదాం అత్తా అని నేను చెయ్యి పట్టుకుని లాగాను. ఆమె ఆగలేదు. బస్సులో అన్ని గంటలు బిగబట్టుకున్న మాట, ఇంక ఆగేదెట్లా?

"అన్నా, ఆ కర్ర మంచిది కాదు. నేను దానికి దోటి వేసినా. కరువులో వేసినా. పిల్లోడికి పాలు లేక మేకకు వేసినా. లోపల కుళ్ళి ఉంటది. నా బిడ్డ దాంట్లో పోతాండాడంట. తీసేయండి అన్నా, మీ కాళ్ళు పట్టుకుంటా."

ఉలుల చప్పుడు ఆగిపోయింది. ధనుంజయ మొహం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. ఏసురత్నం ఆమె వైపు తిరిగి, "ఇన్నేళ్ళూ ఇది ఎలా మోశావు చెల్లెమ్మా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఇప్పటికీ ఆ పెద్దమనిషి అంటే నాకు గౌరవం.

ఇంజనీరు ఏమిటన్నాడు. కరుణాకరం ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అంతమంది ముందు, వాళ్ళ తాత యార్డులో, అతనికి అబద్ధం నోటికి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు.

పలకలు విప్పారు. మేకులు పీకారు. మర్నాటికి కర్ర బయటికొచ్చింది. దాన్ని రెండు దిమ్మెల మీద పెట్టి సరిగ్గా వంపు దగ్గర రంపం వేశారు. అందరం చుట్టూ నిలబడ్డాం. రంపం తెగి రెండు ముక్కలూ విడిపోయాయి.

లోపల ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. కొమ్మ ఉండిన చోట వేలెడు నల్లగీత, దాని చుట్టూ చెట్టు కండ పెరిగి గట్టిగా పట్టుకుని ఉంది. ఇంజనీరు కత్తిమొనతో పొడిచాడు. దిగలేదు. కుళ్ళు లేదు. నేను పిచ్చిదానిలా నవ్వేశాను. అత్త నేల మీద కూలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. అంతా అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాం.

ఇంజనీరు కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది సరే. మిగతావాటి సంగతి ఎవరు చెబుతారు?" అని అడిగాడు. ఏ చెట్టు ఎక్కడిది, ఎవరు పరీక్షించారు, రుజువేది అన్నాడు.  అన్నీ ఇలాంటి ఇళ్ళ నుంచే వచ్చాయి, ఇలాంటి మాట మీదే వచ్చాయి. నిన్నటిదాకా ఆ మాటను ఎవరూ అనుమానించలేదు కాబట్టి దానికి రుజువు కూడా అవసరం పడలేదు. ఆయన తప్పేమీ లేదు, ఆయన పనే అది. కానీ ఆ ప్రశ్న ఒక్కసారి పుట్టాక మళ్ళీ లోపలికి పోదు.

కొనేవాళ్ళు వద్దన్నారు. ఆ ఓడ మీదే నిలబడిన యార్డు కూలిపోయింది. కరుణాకరం ఎక్కడో ఫైబరు పడవల కంపెనీలో పనికి కుదిరాడు. మిగతావాళ్ళు రొయ్యల చెరువుల మీద కాపలాకు పోయారు. ఏసురత్నం ఆ షెడ్డులోనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడట, ఓడకు ఎదురుగా. పలకలు ఒక్కొక్కటే ఊడబెరుక్కుని పోతుంటే కూడా ఏమీ అనడట. మూడు తరాల యార్డు. నేను చూసి వచ్చిన ఓడ కట్టెల మోపులుగా పోయింది.

ధనుంజయ ఇంటికొచ్చాడు. కోసిన ఆ కర్ర ముక్కలు రెండూ మినీలారీలో వేసుకొచ్చి వాకిట్లో దించాడు. చూసేవాళ్ళు చూస్తుండగానే తండ్రికి మొత్తం చెప్పాడు.

"అమ్మ ఓడ చెట్టు కొమ్మ కోసి మేకకు వేసింది నాయనా. ఆ పొద్దు నన్ను సావనిచ్చినా బాగుండు. ఇప్పుడు అందరూ నన్ను చూసి, వీని పాలకే యార్డు పోయింది అంటాండారు" అన్నాడు.

అది కన్నతల్లి ముందు అనే మాటేనా? వాడిని లాగి ఒక్కటిద్దామనిపించింది. కానీ వాడి కడుపు కూడా కాలి ఉంది. వారం తిరక్కుండా హైదరాబాదు సెంట్రింగు పనికి పోయాడు. తల్లితో మాట్లాడటం అంతటితో సరి.

యల్లయ్య మామ అంతా విన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. కాళ్ళు కడుక్కుని మేకల దొడ్లోకి పోయాడు. ఆ రోజు నుంచి పెళ్ళాంతో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం కావాలంటే పళ్ళెం చప్పుడు చేస్తాడు. ఏదైనా చెప్పాలంటే నాలాంటివాళ్ళు వచ్చేదాకా ఆగి, "సుమా, మీ అత్తకు చెప్పు, మందకు రెండు పూటల సద్ది కట్టమని" అంటాడు. అత్త అక్కడే ఉంటుంది. నేను గోడకు చెప్పినట్టు మళ్ళీ చెప్పాలి. ఎన్నిసార్లు చెప్పాను, మీరే చెప్పుకోండి అని. వినడు.

మా ఊళ్ళో సుబ్బయ్య అని పెద్దరైతు ఉన్నాడు, నోటికి మూత లేని మనిషి. "మేక తిన్న ఓడ" అన్నది ఆయనే. ఊరు పట్టుకుంది. యల్లయ్య మామ ఆటోస్టాండు పక్క నుంచి మందను తోలుకుపోతుంటే కూడా అనేవాళ్ళు. ఆయన తల వంచుకుని పోయేవాడు. నా పెళ్ళాం జోలికి రావద్దురా అని ఒక్కరోజు, ఒక్కడితో అనలేదు. పట్టీలున్న మిగతా చెట్లు బొగ్గుల బట్టీకి పోయాయి. అత్త మాత్రం తలెత్తుకునే తిరిగింది. "నా బిడ్డ నేల మీద ఉండాడు పాపా, అది చాలు" అనేది. చాలని ఆమె మొహం ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న ఎండాకాలం మామకు ఆయాసం ముదిరింది. మార్కాపురం ఆసుపత్రిలో చూసి, ఇంటి దగ్గరే ఉంచుకోండి అని పంపేశారు. నేను రోజూ పొద్దున్నే పోయి బిళ్ళలు మింగించేదాన్ని. ఒకరోజు దిండుకు ఆనుకుని కూర్చోబెట్టమన్నాడు. అత్త అదే గదిలో మూలన పొయ్యి మీద జావ కలుపుతోంది.

"సుమా, మీ అత్తకు ఒక మాట చెప్పు" అన్నాడు.

సరే, మందు సంగతో మేకల సంగతో అనుకున్నాను.

"నేను సూసినానని చెప్పు. కొండ దిగిన పొద్దే సూసినా. సున్నం పట్టీకి పైన, వంపు కాడ ఎర్రమన్ను. చెట్టు మీదికి మన్ను యాడ నుంచి వస్తాది? గోకి సూసినా. దోటి దెబ్బ. ఇంటికొచ్చినా. పిల్లోడు బతికుండాడు, మేక పాలిస్తాంది. తెలిసిపోయింది."

గరిటె చప్పుడు ఆగింది.

"మన్ను ఉంటే తడి పట్టి కుళ్ళుతాదని గీకేసినా. మోడు సాఫుగా చెక్కినా. మానేదాకా కానుగనూనె పూసినా, ఆకాడికి నీటిబొట్టు దిగనీలేదు. ఆ కర్ర కుళ్ళదని నాకు ముందే తెలుసు. చెప్పు మీ అత్తకు."

 వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. అంత మెల్లగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"అడుగు పాపా, మీ మామను. ఆ చెట్టు గట్టిదేనా అని నేను అడిగిన పొద్దు, ఈ మాట ఎందుకు చెప్పలేదో అడుగు."

నేను అడగనక్కర్లేదు. మామ కళ్ళు మూసుకున్నాడు. "దోటి తగిలిన చెట్టును ఓడకు ఇయ్యకూడదు. మా నాయన పెట్టిన మాట. నేను తెలిసీ ఇచ్చినా. చెప్తే తెలిసీ ఇచ్చినోన్ని అయితా. ఆమె చేసింది నాకు తెలీనట్టే ఉంటా, నాకు తెలిసిందని ఆమెకు తెలీదు, అట్లనే పోతాదిలే అనుకున్నా."

నాకు ఆగలేదు. చావబోయే మనిషని కూడా చూడలేదు. "మరి ఆ తర్వాత? ఊరంతా ఆమెను చూసి నవ్వుతుంటే? నువ్వు కూడా నోరు మూసుకుని ఇన్నేళ్ళు మొహం తిప్పుకున్నావే, అది కోపమా, సిగ్గా మామా?"

"ఆ తర్వాత ఎట్ల చెప్పాల పాపా?" అన్నాడు. కళ్ళ వెంబడి నీళ్ళు కారుతున్నాయి. "మొగం ఎట్ల చూపించాల?"

అత్త లేచింది. పళ్ళెం తీసి గోడకేసి కొడుతుందనుకున్నాను. కొట్టినా తప్పులేదు. జావ గిన్నె పట్టుకొచ్చి, ఆయన తల ఎత్తి పట్టుకుని, చల్లార్చి చల్లార్చి పట్టించింది. మూతి తుడిచింది.  ఆయన ఆమె వైపు చూడలేదు. ఆ వారంలోనే పోయాడు. చివరిదాకా ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆ పాపం ఎవరిదో నన్ను అడగొద్దు.

మట్టి చేసి వచ్చిన రోజు సాయంత్రం నేను పక్కన కూర్చుంటే, "ఆ నూనె మేకల గిట్టలకు అనేవాడు పాపా. ఎన్ని మేకలుండినాయి, ఎంత నూనె అయిపోయింది, నేనొక్క పొద్దు కూడా అనుమానపడలేదు" అంది. మళ్ళీ "చెట్టుకు పూసినాడు. నాకు ఒక్క మాట చెప్పలేకపోయినాడు" అంది. అప్పుడు ఏడ్చింది.

పెద్దదినానికి చుట్టాలొచ్చారు. ధనుంజయ కూడా వచ్చాడు, తల్లితో పొడిపొడిగానే ఉన్నాడు. పందిరి కింద బంతి కూర్చున్నారు. చోటు చాలక కొందరు వాకిట్లోని కర్ర ముక్కల మీదే కూర్చుని తింటున్నారు. అర్ధవీడు నుంచి వచ్చిన దూరపు చుట్టం ఒకాయన, కింద చెక్కి ఉన్న పేరును బొటనవేలితో రుద్ది, "మేక తిన్న ఓడ అంటారే, దాని కర్ర ఇదేనా?" అన్నాడు. కావాలని అనలేదు పాపం. ఆయనకు తెలియదు. తెలిసినవాళ్ళందరి చేతులూ ఆగిపోయాయి. సుబ్బయ్య కూడా తల దించుకున్నాడు.

చెంచులక్ష్మి అత్త చేతిలో కూరగిన్నెతో వరస మధ్యలో నిలబడింది.

"మేక ఏం తినలేదన్నా. అది తిన్న ఆకు నా బిడ్డకు పాలయింది. ఓడను తినింది మేము. నేనూ ఆయనా, ఇద్దరం నోరు మూసుకుని కూసొని తిన్నాం."

ధనుంజయ ముద్ద చేతిలోనే పట్టుకుని తల్లి వైపు చూశాడు. చాలా రోజుల తర్వాత సూటిగా చూశాడు.

"నాయనకు తెలుసామ్మా?" అన్నాడు.

"తెలుసు. నువ్వు తిను" అని అతని ఆకులో కూర వేసి, ఆమె పక్క ఆకు దగ్గరికి జరిగింది.